ట్రాంక్విలిటీ: అర్థం, వాడుక, తెలుగు సమానార్థకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాంక్విలిటీ అంటే ఏమిటి?

అలజడి అణగిపోయి, కదలిక నిలిచి, విశ్రాంతినిచ్చే నెమ్మదిని ఇంగ్లీషులో ట్రాంక్విలిటీ అంటారు. ఒక చోటికి, ఒక వేళకు, మనిషి మనసుకు, ఒక దేశపు జనజీవనానికి కూడా ఈ మాట వర్తిస్తుంది. తెలుగులో వెంటనే తోచే మాట "ప్రశాంతత". ఆ అర్థం తప్పు కాదు. అయితే ఈ రెండు మాటల పరిధి ఒకటి కాదు కనుక అక్కడితో ఆగిపోతే రెండు వైపులా పొరపాట్లు వస్తాయి. తెలుగు ప్రశాంతత చాలా విశాలమైనది, ఇంగ్లీషు ట్రాంక్విలిటీ దానికన్నా ఇరుకైనది.

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి నేను ఎప్పుడూ నీళ్ల ఉదాహరణ చెబుతాను. వెనకటి రోజుల్లో ఏటి నుంచో చెరువు నుంచో తెచ్చిన మడ్డినీళ్లు తేటపడటానికి కుండ లోపలి అంచున చిల్లగింజ అరగదీసి, నీళ్లను కదపకుండా ఉంచేవారు. కాసేపటికి మట్టి అడుగుకు దిగేది, పైన నీరు తేరేది. ఆ తేరిన నీటి స్థితే ట్రాంక్విలిటీ. అందులో శబ్దం లేకపోవడం కన్నా కదలిక లేకపోవడం ముఖ్యం, ఆ నిలకడ కాసేపు ఉంటుందన్న భరోసా ఇంకా ముఖ్యం.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్‌లోని "ట్రాంక్విల్లుస్" అనే విశేషణం దీనికి మూలం. దాని నుంచి వచ్చిన నామవాచకం "ట్రాంక్విల్లితాస్". ఫ్రెంచి మీదుగా పద్నాలుగో శతాబ్దం చివరి నాటికి ఇది ఇంగ్లీషులోకి చేరింది. లాటిన్‌లో ఈ మాటను సముద్రం గురించి, వాతావరణం గురించి విరివిగా వాడేవారు. గాలి పడిపోయి, అలలు అణిగి, ఓడ నడపడానికి భయం లేని సముద్రం ట్రాంక్విల్లుస్. నీటి ఉదాహరణ ఇక్కడ బాగా అతుకుతుందని అనడానికి ఇదొక కారణం.

సముద్రం నుంచి మనసుకు ఈ మాట ప్రయాణించడంలో రోమన్ తాత్వికుడు సెనెకా పాత్ర ఉంది. మనసు కుదురుగా, తనతో తాను సంతోషంగా ఉండే స్థితిని గ్రీకులు "యూథుమియా" అనేవారు. ఆ గ్రీకు మాటకు సెనెకా తన భాషలో ట్రాంక్విల్లితాస్‌ను సమానార్థకంగా ఎంచుకున్నాడు. ఒక భాషలోని తాత్విక పదానికి మరో భాషలో సముద్రానికి వాడే పదాన్ని తీసుకోవడం అనువాదకులందరూ మనసు పెట్టి చూడవలసిన పని అని నా అభిప్రాయం.

దీన్ని ఎలా పలకాలి?

"ట్రాంక్‌విలిటీ" అన్నప్పుడు రెండో అక్షరఖండమైన "క్విల్" మీద ఊనిక పడుతుంది. విశేషణమైన "ట్రాంక్విల్"లో మాత్రం ఊనిక మొదటి ఖండం మీద ఉంటుంది. మొదటి అచ్చు పూర్తి "ఆ" కాదు, "బ్యాంకు"లో పలికే ధ్వనికి దగ్గరగా ఉంటుంది. "క" ముందున్న అనునాసికం విషయంలో తెలుగువారికి శ్రమ లేదు. "అంకె", "వంక", "టెంకాయ" అన్నప్పుడు సున్న ఎలా పలుకుతుందో ఇక్కడా అలాగే పలుకుతుంది.

ఒక "ఎల్" రాయాలా, రెండు రాయాలా?

రెండూ సరైనవే. బ్రిటిష్ పద్ధతిలో రెండు "ఎల్"లు రాస్తారు, అమెరికాలో ఎక్కువగా ఒకటే రాస్తారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగ ప్రవేశికలో దేశంలోపలి ప్రశాంతతను కాపాడటం ఒక లక్ష్యంగా చెప్పిన చోట ఒకే "ఎల్" కనిపిస్తుంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో రెండు "ఎల్"లు ఉన్నాయి. మన దేశంలో పరీక్షలకు, కార్యాలయ పత్రాలకు బ్రిటిష్ పద్ధతి పాటించడం మంచిది. ఏది ఎంచుకున్నా ఒకే రచనలో రెండు రకాలుగా రాయకూడదు.

వాక్యంలో దీన్ని ఎలా వాడాలి?

ఇది లెక్కించలేని నామవాచకం. కాబట్టి దీనికి బహువచనం వాడరు, ముందు "ఒక" అనే అర్థమిచ్చే ఉపపదం సాధారణంగా చేర్చరు. "ఆ తోటలోని ట్రాంక్విలిటీ", "తెల్లవారుజాము ట్రాంక్విలిటీ", "మానసిక ట్రాంక్విలిటీ" అనే తీరులో ప్రయోగాలు ఉంటాయి. దీనితో జతకట్టే క్రియల్లో ఎక్కువ భాగం భంగపరచడం, చెదరగొట్టడం, తిరిగి నెలకొల్పడం, కాపాడటం అనే అర్థాలవి. చెదరడానికి వీలున్న స్థితి గురించే ఈ మాట చెబుతుందని దీనివల్ల తెలుస్తుంది.

విశేషణ రూపాన్ని సరస్సుకు, పల్లెకు, సాయంకాలానికి, ముఖానికి, స్వభావానికి వాడవచ్చు. కోపంతో ఊగిపోతున్న మనిషిని ఊరుకోమని చెప్పడానికి మాత్రం వాడరు. అక్కడ "కామ్ డౌన్" అనే అంటారు.

పీస్, కామ్, క్వయట్, సెరినిటీ అనే మాటలకూ దీనికీ తేడా ఏమిటి?

"పీస్" ప్రధానంగా పోరు లేకపోవడం. ఇద్దరు మనుషులకో రెండు దేశాలకో మధ్య సంబంధం గురించి చెబుతుంది. "క్వయట్" చెవికి సంబంధించినది, అంటే సద్దు లేకపోవడం. "కామ్" తాత్కాలికమైనది కూడా కావచ్చు. తుఫానుకు ముందు ఉండే స్తబ్ధతను ఇంగ్లీషువారు "కామ్" అంటారే తప్ప ట్రాంక్విలిటీ అనరు, ఎందుకంటే ఆ స్తబ్ధతలో భరోసా లేదు, భయం ఉంది.

అన్నిటికన్నా దగ్గరి చుట్టం "సెరినిటీ". ఈ రెంటినీ విడదీయడానికి లాటిన్ మూలాలను మించిన దారి నాకు కనిపించలేదు. సెరినిటీకి మూలమైన "సెరేనుస్" మబ్బు లేని ఆకాశానికి వాడే మాట. ట్రాంక్విలిటీ అలలు లేని నీటి మాట. కనుక సెరినిటీలో ఒక వెలుగు, ఒక నిర్మలత్వం ఉంటాయి. కష్టాల మధ్య కూడా చెదరని మనిషి ముఖంలో కనిపించేది అదే. దానికి తెలుగులో "ప్రసన్నత" బాగా నప్పుతుంది. ట్రాంక్విలిటీలో కనిపించేది వెలుగు కాదు, అణగిన కదలిక. చుట్టూ గొడవగా ఉన్నా ఒక మనిషిలో సెరినిటీ ఉండవచ్చు. ట్రాంక్విలిటీ కావాలంటే చాలావరకు ఆ గొడవే అణగాలి.

"పోలింగ్ ప్రశాంతం" అనే శీర్షికను ఇంగ్లీషులో ఈ మాటతో చెప్పవచ్చా?

చెప్పకూడదు. తెలుగువారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే కనుక కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. మన పత్రికలు ఎన్నికలైనా, పదో తరగతి పరీక్షలైనా, నిమజ్జనమైనా, బంద్ అయినా అనుకోని గొడవ జరగకపోతే "ప్రశాంతం" అని రాస్తాయి. ఆ మాటకు అక్కడ ఉన్న అర్థం "అవాంఛనీయ ఘటనలు లేవు" అని మాత్రమే. నిజానికి పోలింగ్ రోజున బూత్ ముందు బారులు తీరిన జనం, ఏజెంట్ల వాదులాటలు, వాహనాల హడావుడి అన్నీ ఉంటాయి. వినాయక నిమజ్జనంలో డప్పుల మోతకు పక్క మనిషి మాట కూడా వినపడదు. వీటిలో దేనికీ ట్రాంక్విలిటీ పొసగదు. పోలింగ్‌కు "పీస్‌ఫుల్" అనాలి, పరీక్షలకు "స్మూత్" అనే అర్థంలో సాఫీగా జరిగాయని చెప్పాలి, నిమజ్జనానికి ఏ ఘటనా లేకుండా ముగిసిందని రాయాలి.

ఇలాంటిదే మరో మాట "శాంతించడం". భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. నీటిమట్టం ఆ గుర్తుల కిందికి దిగుతున్నప్పుడు "శాంతించిన గోదావరి" అని శీర్షిక వస్తుంది. నది అప్పటికీ ఎర్రటి ఒండ్రుతో ఉరవడిగానే పారుతూ ఉంటుంది, కాబట్టి ఇంగ్లీషులో వరద తగ్గింది అనే చెప్పాలి. తెలుగు శీర్షికలో నది ఒక మనిషి, లేదా ఒక దేవత. ఆ కోపం చల్లారిందన్న భావన అందులో ఉంది. ఆ అందం తెలుగుది, దాన్ని ఇంగ్లీషు మాటలో వెతకడం వృథా.

చట్టంలో ఈ మాటకు ప్రత్యేకమైన అర్థం ఉందా?

ఉంది, మన దేశంలో ఈ మాట ఎక్కువ బరువు మోసే చోటు కూడా అదే. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి ఎనిమిదో అధ్యాయం పేరే "ప్రజా ట్రాంక్విలిటీకి వ్యతిరేకమైన నేరాలు". చట్టవిరుద్ధ సమావేశం, దొమ్మీ, బహిరంగ స్థలంలో కొట్లాట వంటివి అందులో ఉండేవి. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ పేరు మారలేదు. పదకొండో అధ్యాయంలో, 189 నుంచి 197 వరకు ఉన్న సెక్షన్లలో అవే నేరాలు ఉన్నాయి. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది చట్టం నిషేధించిన ఉద్దేశంతో గుమికూడితే అది 189వ సెక్షన్ కిందికి వస్తుంది.

ప్రజలందరికీ నోటికి అలవాటైన "144 సెక్షన్"లోనూ ఈ మాట ఉంది. పాత నేర విచారణ స్మృతిలోని ఆ సెక్షన్ కింద, ప్రజల ప్రశాంతతకు భంగం కలుగుతుందన్న భయం ఉన్నప్పుడు మెజిస్ట్రేటు నిషేధాజ్ఞలు జారీ చేసేవారు. ఇప్పుడు అదే అధికారం ఆ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షన్‌లో ఉంది. జనం మాత్రం ఇంకా పాత అంకెతోనే పిలుస్తున్నారు.

ఈ మాటకు న్యాయస్థానం ఇచ్చిన స్థానం తెలుసుకోవాలంటే 1950 మే 26 నాటి రమేశ్ థాపర్ కేసు చూడాలి. ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న నాటి మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం "క్రాస్ రోడ్స్" అనే వారపత్రిక తన రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. ఆ నిషేధాన్ని కొట్టివేస్తూ సుప్రీంకోర్టు, "పబ్లిక్ ఆర్డర్" అంటే ప్రభుత్వం అమలు చేసే అంతర్గత నియమాల ఫలితంగా ఒక రాజకీయ సమాజపు సభ్యుల మధ్య నెలకొనే ట్రాంక్విలిటీ స్థితి అని వివరించింది. మరుసటి ఏడాది రాజ్యాంగ మొదటి సవరణ ద్వారా వాక్‌స్వాతంత్ర్యంపై విధించదగిన పరిమితుల్లో పబ్లిక్ ఆర్డర్ చేరింది. ఒక సరస్సు గురించి చెప్పుకొనే మాట పౌరుల హక్కుల హద్దులను వివరించే చోటికి చేరడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

ఈ సందర్భాల్లో తెలుగులో "ప్రజా ప్రశాంతత" అనవచ్చు. "శాంతిభద్రతలు" అనకూడదు, ఎందుకంటే ఆ మాట "లా అండ్ ఆర్డర్"కు ఇప్పటికే స్థిరపడిపోయింది.

సరిహద్దు వార్తల్లో "పీస్ అండ్ ట్రాంక్విలిటీ" అని జంటగా ఎందుకు వస్తుంది?

ఈ జంట 1993 సెప్టెంబరు 7న బీజింగ్‌లో కుదిరిన భారత్-చైనా ఒప్పందం శీర్షికలోనే ఉంది. వాస్తవాధీన రేఖ వెంబడి ఈ రెండింటినీ కాపాడుకోవాలన్నదే ఆ ఒప్పందం. అప్పుడు చైనా పర్యటనలో ఉన్న ప్రధాని పి.వి. నరసింహారావు తెలుగువారు, పైగా అనేక భాషలు ఎరిగిన రచయిత. 2020లో గల్వాన్ ఘర్షణ జరిగిన తరువాత కూడా ఇరు దేశాల ప్రకటనల్లో ఇవే మాటలు కలిసి వస్తున్నాయి.

తెలుగు వార్తల్లో దీన్ని "శాంతి, ప్రశాంతత" అని అనువదిస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు వినిపిస్తుంది. నిజానికి అక్కడ రెండు వేరు విషయాలు ఉన్నాయి. పోరాటం లేకపోవడం ఒకటి, గస్తీ బృందాలు ఎదురుపడి తోపులాటకు దిగే పరిస్థితి కూడా లేకపోవడం రెండోది. తుపాకి పేలకపోయినా రెండోది చెడవచ్చు. అందువల్ల "శాంతి, నిలకడ" అనో "శాంతి, అలజడి లేని స్థితి" అనో రాస్తే అర్థం మరింత దగ్గరగా వస్తుందని నేను భావిస్తాను.

చంద్రుడి మీద ట్రాంక్విలిటీ సముద్రం నిజంగా సముద్రమా?

కాదు. అది పూర్వం లావా పరచుకొని గడ్డకట్టిన బసాల్టు మైదానం. భూమి మీద నుంచి చూస్తే నల్లటి మచ్చలా కనిపిస్తుంది. 1651లో ఇటలీ జెస్యూట్ ఖగోళ శాస్త్రవేత్త రిచ్చోలి తన చంద్రపటంలో ఇలాంటి మచ్చలకు వాతావరణపు పేర్లు పెట్టాడు. వానల సముద్రం, మబ్బుల సముద్రం, తుఫానుల మహాసముద్రం అన్నీ అలా వచ్చినవే. పైన చెప్పిన ఇద్దరు చుట్టాలు, సెరినిటీ, ట్రాంక్విలిటీ, అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు సముద్రాలు.

1969 జూలై 20న అపోలో 11 యాత్రికులు దిగింది ట్రాంక్విలిటీ సముద్రంలోనే. దిగిన వెంటనే ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ చోటును "ట్రాంక్విలిటీ బేస్" అని పిలిచాడు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 2010 ఫిబ్రవరిలో చేర్చిన ఒక విభాగానికి ఆ జ్ఞాపకంగానే ట్రాంక్విలిటీ అని పేరు పెట్టారు. తెలుగులో దీన్ని "ప్రశాంత సాగరం" అనవచ్చు. పసిఫిక్‌ను మనం "ప్రశాంత మహాసముద్రం" అని కూడా అంటాం కనుక, పిల్లలకు చెప్పేటప్పుడు చంద్రుడి మీది సాగరమని స్పష్టంగా చెప్పాలి.

ట్రాంక్విలైజర్ అంటే మత్తుమందేనా?

మనిషి విషయంలో ఆ అనువాదం సరికాదు. 1950ల్లో ఆందోళనను తగ్గించే మందులు అమ్మకంలోకి వచ్చినప్పుడు, ముఖ్యంగా 1955లో అమెరికాలో మెప్రోబమేట్ "మిల్‌టౌన్" పేరుతో వచ్చిన తరువాత, ఈ మాట ఇంటింటికీ చేరింది. నిద్రపుచ్చకుండానే మనసును నెమ్మదింపజేస్తుందన్నది ఆ పేరులోని ఉద్దేశం. ఇప్పటి వైద్యులు ఇంత విశాలమైన మాటను అంతగా వాడరు. ఆందోళన తగ్గించే మందులకూ, సైకోసిస్‌కు ఇచ్చే మందులకూ వేరు పేర్లు ఉన్నాయి. "డాక్టరు మత్తుమందు రాశారు" అన్న మాట వల్ల రోగికి, ఇంటివారికి కలిగే భయం, సిగ్గు చిన్నవి కావు. "ఆందోళన తగ్గించే మందు" అని చెప్పడం మర్యాద కూడా, నిజం కూడా.

చిరుతపులి ఊళ్లోకి వచ్చినప్పుడు అటవీ సిబ్బంది వాడే ట్రాంక్విలైజర్ తుపాకి సంగతి వేరు. అక్కడ జంతువును నిజంగానే స్పృహ తప్పిస్తారు కనుక "మత్తు ఇంజక్షన్" అన్న పత్రికల మాట సరైనదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, జంతువును పట్టుకోవడం గానీ, మత్తు ఇవ్వడం గానీ, మరో చోటికి తరలించడం గానీ వీలుకాదని తేలితే తప్ప చంపడానికి అనుమతి ఇవ్వకూడదు.

ధ్యానానికి సంబంధించిన పుస్తకాల్లో ఈ మాటకు మూలం ఏది?

బౌద్ధ గ్రంథాల ఇంగ్లీషు అనువాదాల్లో ఇది రెండు పాళీ మాటలకు వస్తుంది. ఒకటి "సమథ", అంటే ఏకాగ్రతతో మనసును నిలిపే సాధన. విపస్సనతో, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూసే ధ్యానంతో, జంటగా చెప్పినప్పుడు సమథను ట్రాంక్విలిటీ అంటారు. రెండోది "పస్సద్ధి", ఏడు బోధ్యంగాలలో, అంటే జ్ఞానోదయానికి తోడ్పడే గుణాలలో ఒకటి, శరీరమూ చిత్తమూ సడలి తేలికపడటం. తెలుగులో మొదటిదాన్ని "శమథం" అని సంస్కృత రూపంలోనే ఉంచి, రెండోదానికి "ఉపశాంతి" అనడం సరిపోతుంది. రెంటికీ ప్రశాంతత అని రాస్తే సాధన ఏదో ఫలితం ఏదో చదివేవారికి తెలియదు.

దీనికి వ్యతిరేక పదాలు ఏవి?

ఇంగ్లీషులో "టర్మాయిల్", "ఆజిటేషన్", "టర్బ్యులెన్స్". తెలుగులో కల్లోలం, అలజడి, కలత. సంస్కృతంలో కల్లోలమంటే పెద్ద అల. 1978లో అప్పటి కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను "కల్లోలిత ప్రాంతాలు"గా ప్రకటించినప్పుడు ప్రభుత్వ ఉత్తర్వులోకి వచ్చింది ఆ అలే. కలత మరింత దగ్గరి మాట. నీరు కలగడం, కలకబారడం అనే క్రియలకు చెందినది. మనసు కలత చెందుతుంది, మనిషి తేరుకుంటాడు. లాటిన్‌వారు సముద్రంలో చూసినదాన్ని మనవాళ్లు కుండలో చూశారు.

ప్రశాంతత కాకుండా అచ్చ తెలుగులో ఏం వాడవచ్చు?

"నెమ్మది", "నిమ్మళం", "కుదుట", "నిలకడ", "తెరిపి" ఉన్నాయి. తెలంగాణలో "నిమ్మలంగ" అనే రూపం ఇప్పటికీ నిత్యవ్యవహారంలో వినిపిస్తుంది. సంధ్యవేళ చెరువుగట్టు వర్ణనలో "నిశ్చలత" రాయవచ్చు. జబ్బు నుంచి లేచిన మనిషికి "ప్రాణం కుదుటపడింది" అనవచ్చు. వాన ఆగి గాలి తగ్గినప్పుడు "తెరిపిచ్చింది" అంటే చాలు. పిల్లలు నిద్రపోయాక ఇంట్లో ఉండే నెమ్మదిని వర్ణించే ఇంగ్లీషు వాక్యంలో ట్రాంక్విలిటీ ఉంటే, "ఇల్లు సద్దుమణిగింది" అని రాయండి. ఆ ఇంగ్లీషు నామవాచకానికి తెలుగులో నామవాచకమే కావాలన్న నియమం లేదు, తరచుగా ఒక క్రియే ఆ పనిని మరింత సహజంగా చేస్తుంది.

ప్రశాంతి అనే పేరును ఇంగ్లీషులోకి అనువదించాలా?

అక్కర్లేదు. పేర్లను అనువదించరు. పుట్టపర్తిలో 1950 నవంబరు 23న ప్రారంభమైన ప్రశాంతి నిలయాన్ని ఇంగ్లీషులో పరిచయం చేసేటప్పుడు "పరమ శాంతికి నిలయం" అనే అర్థాన్ని పక్కన చెబుతారు. అక్కడ "పీస్" వాడటమే ఆనవాయితీ. భువనేశ్వర్, బెంగళూరుల మధ్య నడిచే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు ఆ వివరణ కూడా అవసరం లేదు. ప్రశాంత్, ప్రశాంతి అనే పేర్లున్నవారు తమ పేరుకు అర్థం చెప్పవలసి వస్తే "ట్రాంక్విల్" అనే విశేషణం చక్కగా సరిపోతుంది.